ఎవరి విసుగులోంచి ఏ భాష పుట్టింది?

(డిగ్రీ ఆఖరి సంవత్సరం కంప్యూటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేసి మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంది. ఆపమందామంటే మీరు ఉడికిపోతారు. వద్దులెండి, నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకబ్బాయి ఆపాడు. ఎక్కడున్నాడో? ఆఁ, కిటికీ పక్కన. దాక్కోకు నాయనా, నీ పేరు చెప్పనులే. ఏమడిగాడంటే, "సార్, పైథాన్ నేర్చుకోమంటారా, జావానా?" అని. ఇరవై ఏళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నే. ఒకప్పుడు "సి ప్లస్ ప్లస్సా, జావానా?" అని అడిగేవాళ్లు. అంతకుముందు నేనే ఒకాయన్ని అడిగాను, "కోబాలా, సి నా?" అని. పేర్లు మారతాయి, ప్రశ్న మాత్రం అదే.

దానికి ఇప్పుడు సమాధానం చెప్పను. ముందు ఒక కిటుకు చెబుతాను. ఏ కంప్యూటర్ భాష పేరు విన్నా, సింటాక్స్ పుస్తకం, అంటే దాని వ్యాకరణం పుస్తకం తెరవకముందే ఒక్క మాట అడగండి. ఇది ఎవరి విసుగులోంచి పుట్టింది? అంతే. ఈ భాష చేసినాయన దేని మీద విసిగిపోయి కూర్చుని చేశాడు? అది తెలిస్తే ఆ భాష దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో సగం తెలిసిపోయినట్టే.

ఆ అబ్బాయి అడిగిన పైథాన్‌తోనే మొదలుపెడదాం. గిడో వాన్ రోసమ్ అనే డచ్చాయన. ఆమ్‌స్టర్‌డామ్‌లో సి.డబ్ల్యు.ఐ. అనే పరిశోధన సంస్థలో పని. ఆయనకి రెండు దారులుండేవి. చిన్న పని చేసుకోవాలన్నా సి భాషలో రాస్తే చాంతాడంత అయ్యేది. పోనీ ఆదేశాల్ని వరసగా పేర్చే షెల్ స్క్రిప్టులో రాద్దామంటే కాస్త పని పెరిగేసరికి చెయ్యెత్తేసేది. రెంటికీ మధ్యలో ఏమీ లేదు. 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసు మూసేశారు, ఊరికే కూర్చోలేక మొదలుపెట్టాడు. 1991లో బయటికి వదిలాడు. పాము గుర్తు చూసి అందరూ కొండచిలువ అనుకుంటారు. కాదు, ఆయనకిష్టమైన మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం పేరది.

సరే, మరి పైథాన్ వేగంగా నడుస్తుందా? చెప్పండి. కొందరు అవునంటున్నారు, కొందరు తలూపుతున్నారు. ఎటు ఊపుతున్నారో నాకు అర్థం కావట్లేదు. నడవదు. సి తో పోలిస్తే బాగా నెమ్మది. మరి ఏఐ అంతా పైథాన్‌లోనే చేస్తున్నారు కదా, అంత భారీ లెక్కలు ఎలా జరుగుతున్నాయి?

ఇల్లు కట్టే చోట మేస్త్రీని చూశారా? ఆయన ఇటుక మోయడు. "అక్కడ పెట్టు, ఇక్కడ కలుపు, ఆ గోడ లేపు" అంటాడు. మోసేవాళ్లు వేరే ఉంటారు. పైథాన్ మేస్త్రీ. నమ్‌పై అని లెక్కలకి ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, వాడతారు మీరంతా. దాని లోపల బరువు మోసేది సి. సమీకరణాల గుంపు ఒకటి సాధించమని దానికి చెబితే, ఆ పని మామూలుగా ల్యాపాక్ అనే ఇంకో లైబ్రరీకి పోతుంది. ల్యాపాక్ ఏ భాషలో రాశారో తెలుసా? ఫోర్ట్రాన్‌లో. ఏఐకి వాడే పైటార్చ్ లైబ్రరీ విప్పి చూడండి, లోపల సి ప్లస్ ప్లస్. అసలు మీరు వాడే మామూలు పైథాన్ ఇంటర్‌ప్రెటరే సి లో రాసిన ప్రోగ్రాము. 2020ల్లో ఏఐ చేస్తున్నాం అనుకుంటాం, కింద ఇటుకలు మోస్తున్నది 1950ల్లో పుట్టిన భాష.

ఇంటర్‌ప్రెటర్ అన్నాను కదా, ఒక్క నిమిషం. కంపైలర్, ఇంటర్‌ప్రెటర్ తేడా పరీక్షలో అయిదు మార్కులకి రాసేశారు, నాకు తెలుసు. నేనింకోలా చెబుతా. ఢిల్లీ నుంచి నాయకుడొచ్చి మైదానంలో హిందీలో మాట్లాడుతుంటాడు. పక్కన ఇంకొకాయన మైకు పట్టుకుని ఒక్కో వాక్యమూ తెలుగులో చెబుతుంటాడు. అది ఇంటర్‌ప్రెటర్. అదే ప్రసంగాన్ని ముందే తెలుగులోకి రాయించి పుస్తకం వేసి పంచిపెడితే, అది కంపైలర్. పుస్తకం చదవడానికి అనువాదకుడు పక్కన ఉండక్కర్లేదు, చకచకా చదువుకోవచ్చు. కానీ నాయకుడు ఒక మాట మార్చాడంటే మళ్లీ అచ్చు వెయ్యాలి. జావా ఈ రెంటికీ మధ్యలో ఒక ఎత్తు వేసింది, దాని సంగతి తర్వాత.

ఫోర్ట్రాన్ అన్నాను. దాన్ని చేసింది ఐబీఎంలో జాన్ బాకస్. ఆ రోజుల్లో ప్రోగ్రామంటే మెషిన్‌కి అర్థమయ్యే అంకెల్లోనో, వాటికి పొట్టిపేర్లు పెట్టిన అసెంబ్లీలోనో రాయాలి. ఈ రిజిస్టర్‌లోది తీసుకో, ఆ గదిలోది కూడు, ఇంకో గదిలో పెట్టు. ఒక ఫార్ములా లెక్కకట్టాలంటే ఇలాంటివి పేజీలకి పేజీలు. నాకు బద్ధకం, ప్రోగ్రాములు రాయడం ఇష్టం లేకే ఇదంతా మొదలుపెట్టాను అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. బద్ధకం అంటే అలాంటి బద్ధకం ఉండాలి! ఫార్ములాని ఫార్ములాగానే రాస్తాను, మెషిన్ భాషలోకి మెషినే మార్చుకోవాలి అన్నాడు. ఎవరూ నమ్మలేదు. మనిషి చేత్తో రాసినంత వేగంగా నడిచే కోడ్ మెషిన్ తయారుచేస్తుందా అని నవ్వారు. 1957లో ఐబీఎం 704 మెషిన్‌కి ఇచ్చారు. ప్రోగ్రాములో రాయాల్సిన వాక్యాలు ఇరవయ్యో వంతుకి తగ్గిపోయాయి, వేగమూ నిలబడింది. నవ్వినవాళ్లే వాడటం మొదలుపెట్టారు.

"అదంతా చరిత్ర కదా సార్" అంటారేమో. కాదు. మన హైదరాబాదులో ఇన్‌కాయిస్ ఉంది, సముద్ర సమాచార కేంద్రం. రేపు సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో లెక్కలు కట్టి ముందే చెబుతారు. వాళ్లు వాడుతూ వచ్చిన వేవ్‌వాచ్ అనే మోడల్ ఫోర్ట్రాన్‌లో రాసింది. వాతావరణ మోడళ్లు చాలా వరకు అంతే. మీ నాన్నగారో మావయ్యగారో వేటకెళ్లేవాళ్లయితే, "ఇవాళ పడవలు దించొద్దు" అన్న కబురు ఒడ్డుకి రావడం వెనక బాకస్ బద్ధకం ఉంది.

ఇప్పుడు కోబాల్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు అన్నం పెట్టిన భాష.

ఫోర్ట్రాన్ శాస్త్రవేత్తల విసుగు అయితే, కోబాల్ ఆఫీసుల విసుగు. ఒక కంపెనీ మెషిన్ మీద జీతాల ప్రోగ్రాము రాయించుకుంటారు. ఇంకో కంపెనీ మెషిన్ కొంటే మొత్తం మళ్లీ రాయాలి. పైగా రాసిందేమిటో లెక్కలు చూసే ఆఫీసరుకి ఒక్క ముక్క అర్థం కాదు. అమెరికా నౌకాదళంలో గ్రేస్ హాపర్ అనే ఆవిడ ఉండేవారు. మామూలు ఇంగ్లిషు మాటల్లో ప్రోగ్రాములు ఎందుకు రాయకూడదని మొదటినుంచీ పోరు పెట్టింది ఆవిడే. ఫ్లో-మాటిక్ అని అలాంటి భాష ఒకటి చేసి చూపించారు. 1959లో అమెరికా రక్షణశాఖ చొరవతో కంపెనీలన్నీ కలిసి కూర్చుని, ఆవిడ దారినే తీసుకుని కోబాల్ తయారుచేశాయి. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేరు వేరు కంపెనీల మెషిన్ల మీద నడిపి చూపించారు. ఇవాళ అదేం గొప్ప అనిపిస్తుంది మీకు. ఆ రోజు అది పెద్ద విషయం.

కోబాల్‌లో ఇంకో సుగుణం ఉంది. బోర్డు మీద రాస్తాను చూడండి. మధ్యాహ్నం ల్యాబ్‌లో పైథాన్ తెరిచి 0.1 కి 0.2 కూడండి. ఎంత రావాలి? 0.3. ఎంతొస్తుంది? 0.30000000000000004. జావాస్క్రిప్ట్‌లో కూడండి, అదే. తప్పు పైథాన్‌ది కాదు. ఒకటిని మూడుతో భాగిస్తే మన లెక్కలో 0.333 అని తెగకుండా పోతుంది కదా, అలాగే పదో వంతుని రెండు అంకెల పద్ధతిలో, అంటే సున్నా ఒకట్లతో రాస్తే తెగదు. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. కోసిన చోట ఆ తునక మిగిలిపోతుంది. రాకెట్ దారి లెక్కకి ఆ తునకతో పనిలేదు. బ్యాంకుకి? కోటి ఖాతాల మీద వడ్డీ కడితే ఆ తునకలు ఎక్కడికి పోవాలి? కోబాల్‌లో "పిక్, 9 బ్రాకెట్లో 7, వి, 99" అని రాస్తాం. అంటే చుక్కకి ముందు ఏడంకెలు, చుక్క తర్వాత రెండంకెలు. రూపాయలు, పైసలు. కాగితం మీద గుమాస్తా కూడినట్టే పదుల లెక్కలో కూడుతుంది. వేరే భాషల్లోనూ దీనికి ఏర్పాట్లున్నాయి, కాకపోతే గుర్తుపెట్టుకుని మనమే వాడాలి. కోబాల్‌లో అది పుట్టుకతోనే ఉంది.

1998లో నేను ఎమ్మెస్సీ లెక్కలు పాసై, ఉద్యోగం లేక, అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ మీద చూసినా వైటూకే, మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్. గదిలో ఆరుగురం. మెస్సులో పప్పు నీళ్లలా ఉండేది, ఆ పప్పు గురించి వేరే ప్రసంగం చెయ్యొచ్చు. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటివి వాడే పెద్ద కంప్యూటరు. దాని ముందు కూర్చునే అవకాశం వారానికి ఒక గంట, అదీ రాత్రి పదకొండు దాటాక. మిగతా రోజుల్లో కాగితం మీద పెన్సిలుతో ప్రోగ్రాము రాసి, మనమే కంప్యూటరై వేలితో లైను లైను చూసుకోవడం. మీకు నవ్వొస్తోంది. కానీ అలా నేర్చుకున్నవాడు లూపు ఎక్కడ ఆగుతుందో తెలియకుండా రన్ కొట్టడు.

వైటూకే అంటే ఏమిటో ఈ తరానికి తెలీదు. పాత రోజుల్లో పంచ్ కార్డు మీద 80 గడులే ఉండేవి. ప్రతి గడీ డబ్బుతో సమానం. 1965 అని నాలుగు గడులు వాడటం దేనికి, 65 అంటే చాలదా అనుకున్నారు. చాలింది, నలభై ఏళ్ల పాటు. 2000 వచ్చేసరికి సంవత్సరం 00 అవుతుంది. 65లో పుట్టినవాడి వయసెంత? సున్నాలోంచి 65 తీసెయ్. మైనస్ 65. వాడింకా పుట్టడానికి 65 ఏళ్లుంది! అమెరికాలో బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, అన్నీ కోబాల్‌లో రాసుకున్నవి. కోట్లాది లైన్లు. తిరగేసి చూసి సరిచేసే మనుషులు కావాలి. అలా మనవాళ్లు విమానాలెక్కారు. మీ ఇళ్లలోనో పక్కిళ్లలోనో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ బాబాయి ఒకడుంటాడు. అడిగి చూడండి, మొదటి ఉద్యోగం కోబాలే అంటాడేమో.

నాకు మొదట ఇచ్చిన పని, ఒక ప్రోగ్రాములో సంవత్సరం ఎక్కడుందో కనిపెట్టడం. పేరులో "ఇయర్" అనో "డేట్" అనో ఉంటుంది కదా అని వెతికాను. ఒకరోజు అయింది, రెండు రోజులైంది. మూడోరోజు సాయంత్రం దొరికింది. దానికి ఆ రాసినాయన పెట్టిన పేరు "ఎక్స్2". ఎక్స్2! గ్రేస్ హాపర్ అంత పోరాడి, మనిషి చదివితే అర్థమయ్యే భాష చేసి ఇస్తే, ఈయన దాంట్లో సంవత్సరానికి ఎక్స్2 అని పేరు పెట్టాడు. ఆయన అప్పటికే రిటైరైపోయాడట, లేకపోతే ఉత్తరం రాసేవాణ్ణి. భాష ఎంత బాగున్నా మనం పెట్టే పేరు మన చేతిలోనే ఉంది. మీ రికార్డు పుస్తకాల్లో ఏ, బి, టెంప్, టెంప్1 అని చూస్తున్నాను నేను ఇందాకటినుంచీ. ఆగండి, తిట్టడానికి రాలేదు.

వైటూకే అయిపోయింది, కోబాల్ చచ్చిపోయింది అనుకున్నారు. 2020 ఏప్రిల్లో కోవిడ్ వచ్చి, అమెరికాలో లక్షలాదిమంది ఒకేసారి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టారు. న్యూజెర్సీ గవర్నరు టీవీ ముందుకొచ్చి, కోబాల్ తెలిసినవాళ్లెవరైనా ఉంటే సాయానికి రండి అని అడిగాడు. రిటైరై తోటపని చేసుకుంటున్నవాళ్లని పిలిచినట్టయింది. పాత ప్రోగ్రామును తీసేసి కొత్తది పెట్టొచ్చు కదా అంటారా? నడుస్తున్న బస్సుకి చక్రం మార్చమన్నట్టు ఉంటుంది ఆ పని. నలభై ఏళ్లలో వచ్చిన ప్రతి రూలూ, ప్రతి సవరణా దాంట్లో కూర్చుని ఉంటుంది. కొన్ని రూల్స్ ఆ ప్రోగ్రాములో తప్ప ఇంకెక్కడా రాసి లేవు.

సి భాష. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ, డెనిస్ రిచీ, 1972 ప్రాంతం. ఆయనా, కెన్ థాంప్సనూ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసుకుంటున్నారు. అది అసెంబ్లీలో ఉంది, మెషిన్ మారితే మొదటికి రావాలి. మెషిన్‌కి దగ్గరగా ఉండాలి, కానీ ఒక్క మెషిన్‌కే అతుక్కుపోకూడదు. అదీ వాళ్ల బాధ. సి వచ్చాక 1973లో యూనిక్స్‌ని దాంట్లో తిరిగి రాసుకున్నారు. లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ ఇవాళ్టికీ సి లోనే ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున లైనక్సే. ఇళ్లల్లో వాషింగ్ మెషిన్, కరెంటు మీటరు, లోపల చిన్న చిప్పు ఉన్నది ఏదైనా సరే, చాలా వరకు సి.

కానీ సి మిమ్మల్ని ఏమీ అడగదు. అదే దాని బలం, అదే దాని జబ్బు. పది గదుల లాడ్జి ఉందనుకోండి. పదకొండో గది తాళం ఇవ్వమని అడిగితే, జావా అయితే "పదకొండో గది లేదండీ" అని గొడవపెట్టి ఆగిపోతుంది. సి? పక్క లాడ్జిలోకి తీసుకెళ్లి, అక్కడ మొదటి గది తలుపు తీసి, "ఇదిగో" అంటుంది. లోపల ఎవరు పడుకున్నారో దానికి పట్టదు.

నిజంగా జరిగింది చెబుతాను. 2014లో హార్ట్‌బ్లీడ్ అని పెద్ద గొడవైంది. వెబ్‌సైట్లు రహస్యంగా మాట్లాడుకోవడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి, సి లో రాసింది. దాంట్లో ఒక పలకరింపు ఉంటుంది. "నేనొక మాట పంపుతున్నాను, దాని పొడవింత, బతికే ఉంటే అదే మాట తిరిగి పంపు" అని. ఒకడు చిన్న మాట పంపి, పొడవు మాత్రం 64 వేలు అని చెప్పాడనుకోండి. సర్వరు నిజంగా మాట ఎంతుందో కొలిచి చూసుకోలేదు. ఆ చిన్న మాటా, దాని తర్వాత మెమరీలో ఏముంటే అది, 64 వేల బైట్ల దాకా చదివి పంపేసింది. దాంట్లో పాస్‌వర్డులు ఉండొచ్చు, తాళంచెవులు ఉండొచ్చు. ఒక్క కొలత మర్చిపోయినందుకు ప్రపంచమంతా పాస్‌వర్డులు మార్చుకుంది.

దీని మీద విసిగిపోయినాయన ఒకడున్నాడు, గ్రేడన్ హోర్. కెనడాలో వాంకూవర్, ఉండేది 21వ అంతస్తు. 2006లో ఒకరోజు ఇంటికొచ్చేసరికి లిఫ్టు పనిచెయ్యట్లేదు. దాని సాఫ్ట్‌వేర్ మళ్లీ క్రాష్ అయింది. 21 అంతస్తులు మెట్లెక్కుతూ అనుకున్నాడట, లిఫ్టు కూడా సరిగ్గా నడపలేకపోతున్నామేమిట్రా, మనం కంప్యూటరువాళ్లం అని. అలాంటి సాఫ్ట్‌వేర్ మామూలుగా సి లోనో, సి ప్లస్ ప్లస్‌లోనో ఉంటుంది, మెమరీ తప్పులే ఎక్కువ. అక్కడ మొదలైంది రస్ట్ అనే భాష. ఆయన పనిచేసే మొజిల్లా దాన్ని పెంచింది, 2015లో మొదటి నిఖార్సైన వెర్షన్ వచ్చింది.

రస్ట్ పద్ధతి మన ఇళ్లల్లో పాత్రల పద్ధతి. ప్రతి గిన్నెకీ ఒకే యజమాని. పక్కింటివాళ్లకి అరువివ్వొచ్చు, కానీ ఎవరికిచ్చావో లెక్కుండాలి. అరువు తీరకుండా గిన్నె అమ్మేస్తానంటే కుదరదు. ఇద్దరు చూసుకోవచ్చు గానీ, ఒకరు సొట్ట తీస్తుండగా ఇంకొకరు దాంట్లో వండకూడదు. ఈ లెక్కంతా ప్రోగ్రాము నడవకముందే కంపైలర్ చూస్తుంది. తప్పుంటే కంపైలే చెయ్యదు. మొదటి నెల ఏడిపిస్తుంది, ముందే చెబుతున్నాను. నేనూ ఏడ్చాను. 2022 డిసెంబరులో లైనక్స్ లోపలికి కూడా రస్ట్‌ని రానిచ్చారు, 6.1 వెర్షన్‌లో. ఇన్నేళ్లు సి, కాస్త అసెంబ్లీ తప్ప ఇంకో భాషని గడప తొక్కనివ్వని ఇల్లది.

ఇక జావా. మాటిచ్చాను కదా. సన్ కంపెనీలో జేమ్స్ గోస్లింగ్, 1991లో మొదలు. ఇళ్లల్లో వాడే సామాన్లకి ప్రోగ్రాములు రాయాలనుకున్నారు. ఒక్కోదాంట్లో ఒక్కో చిప్పు, ప్రతిదానికీ విడిగా కంపైల్ చెయ్యాలి. అందుకని ఏ చిప్పుదీ కాని ఒక ఊహా మెషిన్ భాషలోకి మార్చి ఇచ్చి, ఆ ఊహా మెషిన్‌ని మాత్రం అన్ని చోట్లా పెట్టారు. అదే జేవీఎం. 1995లో జనంలోకి వచ్చింది. ఇవాళ బ్యాంకులు, రైల్వేలు, పెద్ద ఆఫీసులు, అన్ని చోట్లా ఉంది. మాటలెక్కువ, విషయం తక్కువ అని దాన్ని ఎగతాళి చేస్తారు. నిజమే. కానీ రెండొందల మంది ఒకే ప్రోగ్రాములో పదేళ్లు పనిచెయ్యాలంటే ఆ మాటలే కాపాడతాయి. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు కాట్లిన్ అనే భాష ముందుంది, అది నడిచే తోవ కూడా జావాదే.

జావాకీ జావాస్క్రిప్ట్‌కీ చుట్టరికం ఏమిటని ఆ వరసలోంచి ఒకమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న. ఉల్లికీ ఉలికీ ఉన్నంత. జావా పేరు మోగిపోతోంది కదా అని ఆ పేరు తగిలించారు. 1995లో బ్రౌజర్లు చేసే నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దాని మొదటి రూపం తయారుచేశాడు. పది రోజులు! మీ మినీ ప్రాజెక్టుకి ఎన్ని వారాలిచ్చారు? ఆ తొందర ఇంకా దాంట్లో కనిపిస్తుంది. కోట్స్‌లో 5 పెట్టి దానికి 3 కూడితే 53 అంటుంది. అదే 5 లోంచి 3 తీసేస్తే 2 అంటుంది. కూడేటప్పుడు అక్షరమట, తీసేటప్పుడు అంకెట! అయినా బ్రౌజరు లోపల బతికే భాష అదొక్కటే అయ్యి కూర్చుంది, కాబట్టి ప్రపంచమంతా దానితో సర్దుకుంది. ఆ విసుగులోంచి మైక్రోసాఫ్ట్‌వాళ్లు 2012లో ఏది అంకె, ఏది అక్షరమో ముందే చూసే టైప్‌స్క్రిప్ట్ తెచ్చారు.

డేటాబేస్‌లో దాచిన డేటాని అడిగి తీసుకునే ఎస్‌క్యూఎల్‌ని భాషగా లెక్కపెట్టరు చాలామంది. నా ఉద్యోగ జీవితంలో ఒక్కరోజు కూడా మానకుండా వాడింది అదే. మిగతా భాషల్లో ఎలా చెయ్యాలో చెప్పాలి. దీంట్లో ఏం కావాలో చెబితే చాలు. ఇంట్లో పెద్దావిడ మనల్ని పంపేటప్పుడు, "సాయంత్రానికి కరివేపాకు కావాలి" అంటుంది. ఏ సందులోంచి వెళ్తావు, సైకిలు మీదా నడిచా, అవేం చెప్పదు. 1970లో ఐబీఎంలో కాడ్ అనే ఆయన డేటాని పట్టికల్లో పెట్టుకోవచ్చని సిద్ధాంతం రాస్తే, 1974లో అదే కంపెనీలో చేంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు దానికి ఈ భాష ఇచ్చారు. మీ అందరి జేబుల్లో కూడా ఉంది ఇది. రిచర్డ్ హిప్ అనే ఆయన అమెరికా యుద్ధనౌకకి సాఫ్ట్‌వేర్ రాస్తుంటే, డేటాబేస్ సర్వరు పడిపోయినప్పుడల్లా ఆయన ప్రోగ్రాము ఆగిపోయేది. తిట్లు ఈయనకి. అసలు సర్వరే లేని డేటాబేస్ చేస్తే పోలా అని 2000లో ఎస్‌క్యూలైట్ చేశాడు. మీ వాట్సాప్ మెసేజీలు ఫోనులో దాచేది అదే. చూశారా, మళ్లీ విసుగే!

గో, పీహెచ్‌పీ, ఆర్, స్విఫ్ట్... అన్నీ చెప్పుకుంటూ పోతే మీ బస్సు పోతుంది. గో ఒక్కటీ చెప్పి వదిలేస్తా. గూగుల్‌లో ఒక పెద్ద సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాము కంపైల్ అవడానికి ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లు, ఆ ఖాళీలో అనుకున్న భాష అది. అందుకే అది రెప్పపాటులో కంపైల్ అవుతుంది.

ఆఖరుగా మన అక్షరాల దగ్గరికొద్దాం. దీన్ని మాత్రం నోట్సు రాసుకోండి. బోర్డు మీద "తెలుగు" అని రాశాను. ఎన్ని అక్షరాలు? మూడు. ఒకటో తరగతి పిల్లాడూ మూడే అంటాడు. ఇప్పుడు భాషల్ని అడుగుదాం. సి లో స్ట్రింగ్ పొడవు, అంటే ఈ అక్షరాల వరస పొడవు అడిగితే 18 అంటుంది. పైథాన్ 6 అంటుంది. జావా 6, జావాస్క్రిప్ట్ 6. స్విఫ్ట్ 3 అంటుంది. ఎవరు అబద్ధం చెబుతున్నారు? ఎవరూ కాదు. సి బైట్లు లెక్కపెడుతోంది. అక్షరాల్ని బైట్లుగా దాచడానికి మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. పైథాన్ గుర్తులు లెక్కపెడుతోంది. త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ, మళ్లీ కొమ్ము. ఆరు. స్విఫ్ట్ మనిషి కంటికి కనిపించేది లెక్కపెడుతోంది.

ఇదేం పెద్ద విషయం అనుకోకండి. నేను ఒక చోట పనిచేసేటప్పుడు, చోటు పేరెందుకులెండి, పేర్ల గడికి 20 అని ఇచ్చాం. ఇరవై అక్షరాలు చాలవా అనుకున్నాం. అది ఇరవై బైట్లని ఎవరికీ తట్టలేదు. అందరం ఇంగ్లిషు పేర్లతోనే పరీక్షించాం, నాతో సహా. మొదటిరోజు కార్డులు అచ్చయ్యాయి. సుబ్బలక్ష్మి అనే పెద్దావిడ కార్డు మీద "సుబ్బల" అని, పక్కన ఒక ప్రశ్నార్థకం డబ్బా. మీరే లెక్కపెట్టండి. స, కొమ్ము, బ, పొల్లు, బ, ల. ఆరు గుర్తులు, 18 బైట్లు. తర్వాత రెండు బైట్లలో "క" మూడింట రెండొంతులు పట్టి తెగిపోయింది. ఆవిడ కౌంటరు దగ్గరికొచ్చి, "బాబూ, నా లక్ష్మిని ఏం చేశారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని ఆ ఇరవైని రెండు వందలు చేశాం.

అబ్బాయ్, కిటికీ పక్కన, పైథానా జావానా అన్నావు. నీకేం చెయ్యాలనుంది? డేటాతో ఆడుకోవాలని ఉందా? అయితే పైథాన్, దానితోపాటు ఎస్‌క్యూఎల్ తప్పదు. పెద్ద కంపెనీలో ఉద్యోగం త్వరగా కావాలా? జావా, మళ్లీ ఎస్‌క్యూఎల్. ఏమిటీ, రెండూ కావాలా? సరే, ముందొకటి పట్టు. ఒకదాంట్లో గట్టిగా ఏడాది పనిచేస్తే రెండోది నెలరోజుల్లో వస్తుంది. నాకు కోబాల్ నుంచి జావాకి రావడానికి పట్టింది అంతే.

ల్యాబ్ అయిదింటికి మూసేస్తారట, మేడమ్ గారు చెప్పారు. ఇంకా గంట ఉంది. ఒక చిన్న పని ఇస్తున్నాను. "తెలుగు" అనే మాటని తిరగెయ్యండి, ఏ భాషలోనైనా. మనిషి తిరగేస్తే "గులుతె" రావాలి. పుస్తకంలో ఉన్న పద్ధతిలో పైథాన్‌లో తిరగేస్తే మొదట ఒక అనాథ కొమ్ము, దాని వెనక "గులెత" వస్తుంది. గ కొమ్ము వెళ్లి ముందు నిలబడుతుంది, ల కొమ్ము గ కి అంటుకుంటుంది, త మీది ఎత్వం ల మీదకెక్కుతుంది. ఎవరి గుణింతం వాళ్లకి తిరిగి ఇప్పించండి. నేను స్టాఫ్ రూములో టీ తాగుతూ ఉంటాను, "గులుతె" వచ్చినవాళ్లు వచ్చి చూపించండి.